రోగనామం, స్త్రీ సాక్ష్యం: తెలుగు నేలపై మానసిక వైద్య దృష్టి

శరీరానికి వచ్చిన జబ్బుకు పేరు పెట్టినంత మాత్రాన రోగి మాటకు విలువ తగ్గదు. మలేరియా అని తేలాక కూడా రోగి తల పగిలిపోతోందంటే వైద్యుడు నమ్ముతాడు. మనోవ్యాధి విషయం వేరు. ఇక్కడ ఒకసారి పేరు పడ్డాక రోగి చెప్పే మాటే రోగలక్షణంగా మారిపోయే ప్రమాదం ఉంది. భర్త తనను చంపాలని చూస్తున్నాడని ఒక స్త్రీ చెబితే అది ఫిర్యాదు. అనుమాన వ్యాధి ఉన్నదని రాసి పెట్టిన స్త్రీ అదే మాట చెబితే అది వ్యాధికి నిదర్శనం. రెండు సందర్భాల్లోనూ వాక్యం ఒకటే, వినేవాడి చేతిలోని కాగితం మాత్రం మారింది.

మానసిక వైద్యుల దృక్పథాన్ని రోగనామాలూ లింగ వివక్షా ఎలా తీర్చిదిద్దుతాయన్న చర్చ మనోవిజ్ఞాన శాస్త్రంలో అరవై ఏళ్లుగా సాగుతోంది. ఆ చర్చ ఎక్కువగా వైద్యుని మనసు చుట్టూ తిరిగింది. అయితే వైద్యుడు రోగిని చూడకముందే అతని చేతికి ఒక భాష, ఒక ధ్రువపత్రం, ఒక చట్టం అందివస్తాయి. పక్షపాతంలో పెద్ద పాలు వాటిలోనే ఉందన్నది ఈ వ్యాసం చేస్తున్న ప్రతిపాదన. దీనికి ఆధారాలను తెలుగు వాడుకలో, మద్రాసు రాజధాని కాలం నుంచి వచ్చిన ఉన్మాద చట్టాలలో, ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక విడాకుల వ్యాజ్యంలో, కొన్ని తెలుగు రచనలలో చూడవచ్చు.

పరిశీలనకు రాయలసీమను, అందులోనూ కర్నూలు, నంద్యాల, బళ్ళారి ప్రాంతాన్ని ప్రధానంగా తీసుకోవడానికి కారణం ఉంది. పెద్దాసుపత్రికి దూరంగా ఉండే చిన్న పట్టణంలో రోగనామం ఎవరి నోట మొదలై ఎవరి కలంతో స్థిరపడుతుందో స్పష్టంగా కనిపిస్తుంది. డోన్‌కూ నంద్యాలకూ నడుమ రైలు మార్గంలో ఉన్న బేతంచెర్ల అటువంటి ఊరు. నాపరాతి గనులకూ, బండలు నునుపు చేసే పాలిషింగ్ ఫ్యాక్టరీలకూ పేరుపొందింది. దానికి సమీపంలోని బిల్లసర్గం గుహలను 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, అతని కుమారుడు తవ్వించారు. అక్కడ దొరికిన జంతువుల ఎముకలను వర్గీకరించి రిచర్డ్ లిడెక్కర్ 1886లోనే ప్రకటించాడు. గుహలలోని ఎముకలకు అంత త్వరగా శాస్త్రీయ నామాలు దొరికాయి గాని, చుట్టుపక్కల ఊళ్ల మనుషుల మనోబాధకు ఆ శాస్త్రం పేర్లు చాలా ఆలస్యంగా చేరాయి. చేరేటప్పటికి అక్కడ వేరే పేర్లు ఉండనే ఉన్నాయి.

వచ్చిపోయేది, ఉండిపోయేది

తెలుగు వాడుకలో మనోవికారాన్ని చెప్పే వాక్యాలు రెండు తీరులు. "ఆమెకు పూనకం వచ్చింది", "ఆమెకు గాలి సోకింది", "ఆమెకు దెయ్యం పట్టింది" అనేవి మొదటి తీరు. వీటిలో కర్తృస్థానం బయటి శక్తిది. మనిషి 'కు' ప్రత్యయంతో, ఆ శక్తికి ఆశ్రయంగా మాత్రమే నిలుస్తుంది. జ్వరం వచ్చింది, నిద్ర వచ్చింది అన్న వాక్యాల అచ్చే ఇది. వచ్చినది పోతుంది, పట్టినది వదులుతుంది. జాతరలో పూనకం దిగాక ఆ స్త్రీ మళ్లీ ఇంటి కోడలే, మళ్లీ పొలానికి పోయే కూలి మనిషే. ఆ కాసేపూ ఆమె అన్న మాటలకు మాత్రం అసాధారణమైన అధికారం ఉంటుంది. మామూలు రోజున అత్తమామల ఎదుట నోరెత్తని మనిషి పూనకంలో వాళ్లను నిలదీస్తే ఊరు వింటుంది.

రెండవ తీరు "వాడు పిచ్చివాడు", "అది పిచ్చిది". ఇక్కడ వ్యాధి మనిషికి విశేషణమై అతుక్కుపోయింది. రావడం, పోవడం అన్న కాలస్పృహ ఈ వాక్యంలో లేదు. పైగా ఇందులో స్త్రీపురుష భేదం వ్యాకరణంలోనే కనిపిస్తుంది. తెలుగులో ఏకవచనంలో స్త్రీవాచకాలు అమహత్తులతో, అంటే పశుపక్ష్యాదులతోనూ జడపదార్థాలతోనూ కలిసి నడుస్తాయన్నది చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి అందరికీ తెలిసిన విషయం. కనుక 'పిచ్చిది' అన్న మాట స్త్రీకీ, ఆవుకూ, ఆలోచనకూ ఒకే రూపంలో చెల్లుతుంది. భాషా నిర్మాణాన్ని బట్టి సమాజ దృష్టిని నేరుగా తేల్చడం తొందరపాటే. 'మంచిది', 'తెలివైనది' అన్న మాటలకూ ఇదే రూపం ఉంది. అయినా గౌరవ సందర్భాలలో స్త్రీకి 'ఆమె', 'ఆవిడ' అన్న రూపాలు వాడే భాషే, పిచ్చి ప్రస్తావన రాగానే 'అది'లోకి జారడం గమనించదగినది.

"పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు" అన్న సామెతను సాధారణంగా తెగని చిక్కుకు ఉదాహరణగా చెబుతారు. దానిని వైద్య చరిత్రకు సంబంధించిన ఆధారంగా కూడా చదవవచ్చు. వివాహాన్ని మనోవ్యాధికి ఔషధంగా భావించిన సమాజమే, మనోవ్యాధిని వివాహానికి అనర్హతగా కూడా భావించిందని అది ఒక్క వాక్యంలో చెబుతుంది. ఈ రెండో సగమే తరువాత శాసనంగా మారింది.

యోషాపస్మారం

చరక సంహిత ఉన్మాదాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత, ఆగంతుకాలని ఐదు రకాలుగా విభజించింది. ఈ విభజనకు ఆధారం దోషం, లేదా బయటి కారణం. స్త్రీలకు మాత్రమే చెందిన ఉన్మాదమంటూ ఈ ఐదింటిలో ఏదీ లేదు. అయితే ఆధునిక కాలపు ఆయుర్వేద రచనలలో 'యోషాపస్మారం' అన్న మాట కనిపిస్తుంది. యోష అంటే స్త్రీ, అపస్మారం అంటే మూర్ఛ. ఇది ఐరోపా వైద్యంలోని హిస్టీరియాకు సమానార్థకంగా వాడిన పదం. గర్భాశయమన్న అర్థం గల గ్రీకు మాట నుంచి హిస్టీరియా పుట్టిందన్న సంగతి ప్రసిద్ధం. అక్కడ అవయవం పేరులో దాగి ఉన్న స్త్రీ, సంస్కృత రూపంలో నేరుగా పేరు ముందుకే వచ్చి నిలిచింది. వ్యాధి లక్షణాలు పురుషునిలో కనిపించినా ఆ పేరు పెట్టడానికి వీలులేని స్థితి ఏర్పడింది. దేశీయమని తోచే ఈ మాట వెనుక ఉన్న వర్గీకరణ దిగుమతి అయినది. ప్రాచీన శాస్త్రమే స్త్రీని ఇలా చూసిందని చెప్పేవారూ, పాశ్చాత్య వైద్యం రాకతోనే ఇదంతా మొదలైందని చెప్పేవారూ ఇద్దరూ ఈ పదం దగ్గర కాసేపు ఆగవలసి ఉంటుంది.

ఐరోపాలోనే హిస్టీరియా అన్న నిర్ధారణ మీద నమ్మకం సడలడానికి ముఖ్య కారణాలలో ఒకటి 1965లో ఎలియట్ స్లేటర్ ప్రకటించిన పరిశీలన. లండన్‌లోని నాడీవ్యాధుల ఆసుపత్రిలో హిస్టీరియాగా నిర్ధారణ అయిన 85 మందిని ఏళ్ల తరువాత మళ్లీ పరిశీలిస్తే, వారిలో గణనీయమైన భాగానికి శారీరక వ్యాధులు ఉన్నట్లు తేలింది. ఆ పేరు వైద్యుని అజ్ఞానానికి తొడిగిన ముసుగు అన్నంత కఠినంగా స్లేటర్ తీర్పు చెప్పాడు. ఇందులో రెండో పక్షం కూడా చెప్పాలి. 2005లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం 1970 దశకం నుంచి ఇటువంటి పొరపాట్లు సుమారు 4 శాతానికి తగ్గాయి. పరీక్షా సాధనాలు, అధ్యయన పద్ధతులు మెరుగుపడ్డాయి. కాని పేరు వెనుక ఉన్న వైఖరి అదే వేగంతో మారలేదు. అమెరికన్ మనోవైద్య సంఘం 1980లో ప్రకటించిన డి.ఎస్.ఎం. మూడవ కూర్పులో హిస్టీరియాను ముక్కలు చేసి వేర్వేరు పేర్ల కింద సర్దింది. మన ప్రభుత్వాసుపత్రుల అత్యవసర విభాగాలలో మాత్రం స్పృహ తప్పిన యువతిని తీసుకువచ్చినప్పుడు 'హెచ్.సి.ఆర్.' అన్న మూడక్షరాలు చాలాకాలం చలామణిలో ఉన్నాయి. మధ్య అక్షరం తరువాతి కాలపు 'కన్వర్షన్' అయినా, మొదటి అక్షరం పాత హిస్టీరియాదే. వార్డులో దానికి తెలుగు అనువాదం ఇంకా చిన్నది: "నాటకం".

పూనకానికి కూడా ఒక సంఖ్య వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదవ వ్యాధుల వర్గీకరణలో ఆవేశ స్థితులకు ఎఫ్ 44.3 అన్న గుర్తు కేటాయించారు. మతపరంగా, సాంస్కృతికంగా అంగీకృతమైన సందర్భాలలో వచ్చేవాటిని దీని నుంచి మినహాయించారు. మినహాయింపు వివేకవంతమైనదే. కాని దాని ఫలితాన్ని రాయలసీమ గ్రామంలో ఊహిస్తే ఒక వింత కనిపిస్తుంది. జాతరలో గణాచారికి వచ్చిన పూనకం ఆచారం. అదే వారం ఇంట్లో, ఎవరూ కోరని వేళ, కొత్త కోడలికి వచ్చిన పూనకం వ్యాధి. ఏది అంగీకృత సందర్భమో వైద్యునికి చెప్పవలసింది మళ్లీ ఆ ఇంటివారే.

ధ్రువపత్రంలోని రెండో గడి

మద్రాసు రాజధానిలో 19వ శతాబ్దపు చివరి భాగానికి ప్రభుత్వ ఉన్మాదాలయాలు మూడు: మద్రాసులోని కీల్పాక్, విశాఖపట్నం, కాలికట్. దత్తమండలాలకు ప్రత్యేకంగా ఒకటి లేదు. వలస పాలనలోని ఉన్మాదాలయాల చరిత్రను పరిశీలించినవారు ఒక విషయం పదే పదే చెప్పారు: వాటిలో పురుషుల సంఖ్య స్త్రీల కంటే చాలా ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఉన్మాదం స్త్రీల వ్యాధిగా రూపొందిందని ఎలేన్ షోవాల్టర్ 1985లో చేసిన ప్రసిద్ధ వాదాన్ని ఇక్కడికి యథాతథంగా తీసుకురావడం కుదరదు. వీధుల్లో, బజార్లలో తిరుగుతూ పోలీసుల కంటబడినవారే ఇక్కడి ఉన్మాదాలయాలకు ఎక్కువగా చేరారు. వారిలో సహజంగా మగవారే అధికం. స్త్రీని ఇంటి గది దాచింది. కనుక స్త్రీ మనోవ్యాధి చరిత్రను ఆసుపత్రి రికార్డులలో వెదికితే దొరికేది తక్కువ. ఇంటికీ వైద్యునికీ మధ్య రాకపోకలు సాగించిన కాగితాలలో వెదకాలి.

అటువంటి కాగితం 1912 నాటి భారత ఉన్మాద చట్టానికి అనుబంధంగా ఉన్న వైద్య ధ్రువపత్రం. అందులో వైద్యుడు నింపవలసిన భాగాలు రెండు. ఉన్మాదాన్ని సూచించే విషయాలలో తాను స్వయంగా గమనించినవి మొదటి గడిలో, ఇతరులు తనకు తెలియజేసినవి రెండో గడిలో రాయాలి. వైద్యునికి దొరికేది కొద్దిసేపు. ఇతరులు తెచ్చేది ఏళ్ల కథ. పైగా నిర్బంధ ఉత్తర్వు కోరే అర్జీని వీలైతే భర్త గాని భార్య గాని దాఖలు చేయాలని ఆ చట్టమే చెప్పింది. అక్షరాలా చూస్తే ఇందులో లింగభేదం లేదు. ఆచరణలో న్యాయస్థానం మెట్లెక్కి అర్జీ వేయగల స్థోమత, చదువు, వకీలును పెట్టుకునే డబ్బు ఏ పక్షాన ఉండేవో చెప్పనక్కరలేదు. వంట మానేసింది, పిల్లలను పట్టించుకోవడం లేదు, పెద్దలకు ఎదురు చెబుతోంది, రాత్రిళ్లు ఇల్లు వదిలి పోతోంది అన్న మాటలు రెండో గడి ద్వారా వైద్య భాషలోకి ప్రవేశించడానికి రాజమార్గం ఏర్పడింది. గృహధర్మం తప్పడం రోగలక్షణంగా నమోదు కావడానికి వైద్యుడు దుర్మార్గుడు కానక్కరలేదు. నమూనాలోని గడిని అతడు విధిగా నింపితే చాలు.

ఈ చట్టం ఎంత దీర్ఘాయుష్షు పొందిందో గుర్తు చేసుకోవాలి. దాని స్థానంలో 1987లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1న గాని అమలులోకి రాలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన 1953లోనూ, కర్నూలు వైద్య కళాశాల వచ్చిన ఆ దశాబ్దంలోనూ, టెలివిజన్ ఇంటింటికీ చేరిన 1980 దశకంలోనూ చెల్లుబాటులో ఉన్నది 1912 నాటి మాటలే. కొత్త చట్టం 'ఉన్మాది' అన్న మాటను తొలగించింది. బంధువు లేదా మిత్రుని దరఖాస్తుపై, రెండు వైద్య ధ్రువపత్రాలతో, రోగి సమ్మతి లేకుండా 90 రోజుల వరకు చేర్చుకునే వీలును మాత్రం ఉంచింది.

వైద్యుని కొలబద్ద

వైద్యుల దృక్పథాన్ని నేరుగా కొలిచిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది 1970లో ఇంగె బ్రోవర్‌మన్ బృందం అమెరికాలో జరిపినది. మనోవైద్యులు, మనోవిజ్ఞానులు, సామాజిక కార్యకర్తలు కలిపి 79 మందిని తీసుకున్నారు. వారిలో 46 మంది పురుషులు, 33 మంది స్త్రీలు. కొందరిని ఆరోగ్యవంతుడైన పురుషుని లక్షణాలు, కొందరిని ఆరోగ్యవంతురాలైన స్త్రీ లక్షణాలు, మిగిలినవారిని స్త్రీ పురుష భేదం చెప్పకుండా ఆరోగ్యవంతుడైన వయోజనుని లక్షణాలు గుర్తించమన్నారు. పురుషునికీ వయోజనునికీ ఇచ్చిన చిత్రాలు దాదాపు ఒకటిగా వచ్చాయి. స్త్రీ చిత్రం వాటికి దూరంగా ఉంది: లొంగిపోయే స్వభావం ఎక్కువ, స్వతంత్రత తక్కువ, చిన్న విషయాలకు కలత చెందడం ఎక్కువ. అంటే మంచి స్త్రీగా ఉంటే ఆరోగ్యవంతమైన మనిషి కాలేదు, ఆరోగ్యవంతమైన మనిషిగా ఉంటే మంచి స్త్రీ కాలేదు. ఈ అభిప్రాయంలో స్త్రీ వైద్యులకూ పురుష వైద్యులకూ తేడా కనిపించలేదన్నది మరింత ఆలోచించవలసిన అంశం. మానసిక వైద్య శాఖలలో స్త్రీల సంఖ్య పెరిగితే సమస్య దానంతట అదే తీరుతుందన్న ఆశకు ఇది సమాధానం. ప్రశ్నావళి తీరును తరువాతివారు విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. అయినా అది లేవనెత్తిన ప్రశ్న నిలిచింది.

పక్షపాతం ఎక్కడ పనిచేస్తుందన్న దానికి ఇంకా స్పష్టమైన జవాబు 1989లో ఫోర్డ్, విడిగర్ జరిపిన అధ్యయనంలో దొరుకుతుంది. 354 మంది మనోవిజ్ఞానులకు ఒకే రకమైన రోగవృత్తాంతాలను, రోగి లింగం మాత్రం మార్చి పంపారు. స్త్రీ అని ఉన్నప్పుడు నాటకీయ స్వభావాన్ని సూచించే 'హిస్ట్రియానిక్' వ్యక్తిత్వ లోపమనీ, పురుషుడని ఉన్నప్పుడు సంఘవ్యతిరేక వ్యక్తిత్వ లోపమనీ చెప్పే మొగ్గు వెల్లడైంది. అయితే అవే లక్షణాలను ఒక్కొక్కటిగా విడదీసి ఉన్నదా లేదా అని అడిగినప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు. లక్షణాన్ని చూసే కన్ను సరిగానే ఉంది, పేరు పెట్టే నాలుక తడబడింది. బ్రిటన్‌లో లూయిస్, ఆపిల్‌బీ 1988లో చూపినది దీనికి తరువాతి మెట్టు. రోగికి గతంలో వ్యక్తిత్వ లోపమన్న నిర్ధారణ ఉన్నదని తెలిపినంత మాత్రాన, మనోవైద్యులు ఆ రోగిని కష్టపెట్టే మనిషిగా, దృష్టిని ఆకర్షించాలని చూసే మనిషిగా, సానుభూతికి అంతగా అర్హత లేని మనిషిగా అంచనా వేశారు. పాత పేరు కొత్త వైద్యుని కంటికి అద్దమవుతుంది.

డి.ఎస్.ఎం. మూడవ కూర్పు తన పీఠికలోనే తాను వ్యాధులను వర్గీకరిస్తున్నాను గాని మనుషులను కాదని చెప్పుకొని, 'స్కిజోఫ్రీనిక్' అన్న నామవాచకానికి బదులు 'స్కిజోఫ్రీనియా ఉన్న వ్యక్తి' అన్న ప్రయోగాన్ని చేపట్టింది. తెలుగు వాక్యానికి ఇది కొత్త పాఠం కాదు. "ఆమెకు పట్టింది" అన్న మాటలో ఆ విచక్షణ మొదటి నుంచీ ఉంది. దానిని "ఆమె ఫలానా పేషెంటు"గా మార్చుకున్నది ఆసుపత్రి.

వివాహం ఎదుట ధ్రువపత్రం

1955 నాటి హిందూ వివాహ చట్టం మొదట్లో విడాకులకు మూడేళ్లుగా నయం కాని మతిభ్రమణాన్ని కారణంగా చెప్పింది. 1976 సవరణ ఆ కాలపరిమితిని తీసివేసి, 'మానసిక రుగ్మత' అన్న విశాలమైన మాటను చేర్చింది. జీవిత భాగస్వామితో కలిసి ఉండటం సమంజసంగా ఆశించలేనంత తీవ్రత ఉండాలన్న షరతు పెట్టింది. వివాహానికీ సంతానోత్పత్తికీ పనికిరానంత మానసిక రుగ్మతను వివాహ అనర్హతగా కూడా పేర్కొంది. సామెతలోని రెండో సగం ఈ విధంగా శాసన వాక్యమైంది. మానసిక వైద్యుని చీటీకి న్యాయస్థానంలో ఇంతకు ముందు లేని విలువ ఏర్పడింది. నిద్ర పట్టడం లేదని తీసుకున్న మాత్రల చీటీ సైతం సాక్ష్యమయ్యే అవకాశం వచ్చింది. వైద్యం చేయించుకున్న స్త్రీకి రికార్డు ఉంటుంది, చేయించుకోని భర్తకు రికార్డు ఉండదు. చికిత్స కోరడమే నేరారోపణకు పునాది అయ్యే ఈ స్థితి, స్త్రీలు ఆసుపత్రికి దూరంగా ఉండటానికి ఎంత కారణమైందో వేరే అధ్యయనం చేయదగిన విషయం.

1988లో రామ్‌నారాయణ్ గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, స్కిజోఫ్రీనియా అన్న పేరు తగిలించినంత మాత్రాన సరిపోదని, తీవ్రతను నిరూపించాలని చెప్పింది. ఆ సూత్రానికి తెలుగు నేల మీద పరీక్ష ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వైద్య దంపతుల వ్యాజ్యంలో జరిగింది. 1995లో వివాహం. భార్యకు స్కిజోఫ్రీనియా ఉన్నదని, విడాకులు ఇప్పించాలని భర్త కోరాడు. దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోసం భార్య అర్జీ పెట్టింది. కింది కోర్టు భర్త పక్షం వహించింది. హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. 2013 సెప్టెంబర్ 17న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచింది. తీవ్రమైన వ్యాధిని సాక్ష్యాలు నిరూపించలేదని, చికిత్సతో అదుపులో ఉండే వ్యాధిని విడాకులకు ఆధారం చేయడం కుదరదని న్యాయమూర్తులు భావించారు.

రోగనామమూ రోగమూ ఒకటి కావని చెప్పిన ఈ తీర్పు విలువ తక్కువ కాదు. అయితే న్యాయస్థానం చూపిన హేతువులలో ఒకదాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆమె ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసింది, ఆపైన పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా చదివింది, ప్రభుత్వ వైద్యాధికారిగా నిరంతరాయంగా పనిచేస్తోంది, తీవ్ర వ్యాధి ఉంటే ఇదంతా అసాధ్యం అన్నది ఆ హేతువు. ఆమె స్వస్థతకు సాక్షులు ఆమె పట్టా, ఆమె ఉద్యోగం. బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీకి రోజుకూలికి పోయే స్త్రీకి ఇదే ఆరోపణ ఎదురైతే ఆమె ఏ కాగితం చూపాలి? ఆమె కూడా నిరంతరాయంగా పనిచేస్తూనే ఉంటుంది. రాతి దుమ్ములో బండలు మోసి, ఇంటికి వచ్చి నీళ్లు మోసి, పిల్లలకు వండిపెడుతుంది. ఆ పనికి హాజరుపట్టీ లేదు. అంతేకాక, నిజంగా తీవ్రమైన వ్యాధితో ఉన్న స్త్రీ పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు ఈ హేతువులో చోటే లేదు. పేరు అబద్ధమని నిరూపించుకోగలిగిన స్త్రీకి రక్షణ దొరికింది. పేరు నిజమైన స్త్రీ మాటకు విలువ ఎంత అన్నది తీర్పు బయటే ఉండిపోయింది.

నరాల జబ్బు

దేశంలో గ్రామీణ మానసిక వైద్యానికి మూలరూపంగా చెప్పే 'బళ్ళారి నమూనా' కర్నూలుకు పొరుగునే రూపుదిద్దుకుంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించాక, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 1980 దశకం రెండో సగంలో బళ్ళారి జిల్లాలో ప్రయోగం జరిగింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, కొద్ది రకాల మందులు అందుబాటులో ఉంచారు. 1996లో జిల్లా కార్యక్రమం నాలుగు జిల్లాలలో ప్రారంభమైనప్పుడు వాటిలో మెదక్ ఒకటి. ఈ పథకం మేలు చేసింది. ఉన్మాదాలయం గోడల వెలుపల చికిత్స సాధ్యమని నిరూపించింది. కాని కొద్ది రోజుల శిక్షణతో వైద్యునికి అందేది ప్రధానంగా పేర్ల పట్టిక. ఆ పట్టికకు వెలుపల నిలిచే బాధ పొరుగు జిల్లాలలోనూ ఎక్కువగా స్త్రీలదే: గుండె దడ, కాళ్ల పీకులు, తల తిమ్మిరి, ఆయాసం, ఒళ్లంతా మంటలు.

తెలుగునాట మానసిక వైద్యుని 'నరాల డాక్టరు' అనడం సాధారణం. పిచ్చి అన్న మాట తగలకుండా ఆసుపత్రికి తీసుకుపోవడానికి అది ఒక దయగల అబద్ధం. ఈ మర్యాదలోనూ భేదముంది. పురుషునికి 'నరాల బలహీనత' అన్నది ఊరి గోడల మీద ప్రకటనలకెక్కిన, పుష్టి మందులతో తీరుతుందని నమ్మించే లోపం. స్త్రీకి 'నరాల జబ్బు' అన్నది పెళ్లి సంబంధాల వేళ దాచవలసిన రహస్యం. 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ లేవు. కనుక అవమానాల లెక్క సరే, వ్యాధుల లెక్క కూడా ఆ సర్వే నుంచి తెలుగువారికి దొరకదు.

సాహిత్యం పెట్టిన పేర్లు, పెట్టని పేర్లు

తెలుగు నవలలో మనోసంఘర్షణకు గౌరవస్థానం పురుషునితో మొదలైంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' (1947)లోని సీతారామారావు పతనాన్ని విమర్శకులు ప్రధానంగా తాత్త్విక సంక్షోభంగా, చైతన్యస్రవంతి శిల్పంగా చదివారు. అతడు ఇంటిని పట్టించుకోలేదు, భార్యను హింసించాడు. అయినా అతని మాటలు ఆలోచనలుగానే పరిగణన పొందాయి. జనప్రియ సినిమా మరో కొసను చూపింది. మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' (1993) కథాబీజంతో వచ్చి తెలుగులోకి అనువాదమైన 'చంద్రముఖి' (2005)లో రోగి ఇల్లాలు, పేరు పెట్టేవాడు పురుష వైద్యుడు. అతడు వ్యాధి పేరు చెప్పే ఘట్టంలో ఆమె లేదు. ఆమె భర్తకు చెబుతాడు. 1912 ధ్రువపత్రంలోని రెండో గడి తెర మీదికి తిరగబడి వచ్చినట్లుంటుంది.

వీటికి భిన్నంగా పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి తన పేరే మరిచిపోతుంది. మనోవైద్య పాఠ్యగ్రంథంలో ఈ స్థితికి తగిన పేరు దొరకకపోదు. కథ ఆ పేరును దరిచేరనివ్వదు. ఆమె వెదికేది రోగనామాన్ని కాదు, సొంత పేరును. ఇంట్లో ఎవరికీ ఆ పేరుతో అవసరం లేదు. గుర్తుచేసేది చిన్ననాటి స్నేహితురాలు. ఆమె బాధను వైద్య వృత్తాంతంగా కాక నమ్మదగిన వాంగ్మూలంగా వినిపించడంలో ఈ కథ చేసిన పనిని స్త్రీవాద విమర్శ గుర్తించింది గాని, మానసిక వైద్య చరిత్ర దృష్ట్యా ఇంకా చదవవలసి ఉంది. అదే రచయిత్రి మరో కథకు 'సూపర్ మామ్ సిండ్రోమ్' అని పేరు పెట్టడంలోని వ్యంగ్యం కూడా అటువంటిదే. ఇంటిచాకిరీకి సిండ్రోమ్ అన్న బిరుదు ఇచ్చి, పేరు పెట్టే అధికారాన్నే ఆమె ఎదురు తిప్పింది.

2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మూడవ సెక్షన్ ఈ చరిత్రకంతటికీ జవాబు చెప్పడానికి ప్రయత్నించింది. సమాజంలోని నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకు అనుగుణంగా నడుచుకోకపోవడం ఆధారంగా మానసిక వ్యాధిని నిర్ధారించరాదు. గతంలో చికిత్స పొందినంత మాత్రాన వర్తమానంలో వ్యాధి ఉన్నట్లు తేల్చరాదు. వ్యాధి ఉన్నంత మాత్రాన మతి చలించినట్లు భావించరాదు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని రోగి తానే ఎంచుకోవచ్చు. భర్త అర్జీ నుంచి రోగి ఎంపికకు వచ్చేసరికి నూటయేళ్లకు పైగా పట్టింది.

వార్డులోని కేస్ షీట్‌కు మాత్రం తన సంప్రదాయం తనకుంది. మన మనోవైద్య విభాగాలలో వాడే చరిత్ర నమూనాలో రోగి వివరాల తరువాత సమాచారమిచ్చినవారి పేరు, రోగితో బంధుత్వం, ఆ సమాచారం నమ్మదగినదేనా, సమగ్రమేనా అన్న పంక్తి వస్తుంది. ఆ పంక్తిలో భర్త, తండ్రి, అత్త అని రాసి, ఎదురుగా నమ్మదగినది అని ఆంగ్లంలో గుర్తు పెడతారు. రోగి ఫిర్యాదులను ఆమె సొంత మాటల్లోనే నమోదు చేయాలని వైద్య విద్యార్థికి మొదటి సంవత్సరం నుంచీ నేర్పుతారు. ఒళ్లంతా మంటలు, గుండెలో గాబరా, తలలో ఏదో పాకినట్టు అని బేతంచెర్ల నుంచి బస్సెక్కి కర్నూలు చేరిన స్త్రీ చెబుతుంది. కాగితం మీదికి అవి 'మల్టిపుల్ సొమాటిక్ కంప్లెయింట్స్' అన్న మూడు మాటలుగా దిగుతాయి. ఆమె సంతకమో వేలిముద్రో ఆ కింద ఉంటుంది.